షోరూం బిల్లు

శనివారం పొద్దున నెవెంక పొయ్యి మీద కాఫీ కాస్తుంటే, ద్రాగో ఆమె కారును పక్కకి తీద్దామని వాకిట్లోకి వెళ్లాడు. అది అడ్డంగా ఉంటే తన వ్యాను కదలదు. ఎండ సూటిగా కళ్లలో పడుతోంది. చలువ కళ్లద్దాల కోసం డాష్‌బోర్డు అర తెరిస్తే, నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికి తగిలింది.

షోరూం బిల్లు. ముందు ఎడమ చక్రం బేరింగు, బ్రేకు డిస్కు, కూలీ. మొత్తం పద్దెనిమిది వందల నలభై డాలర్లు. తేదీ చూస్తే మార్చి నెలది.

ఆస్ట్రేలియాలోని ఉత్తర జీలాంగ్‌లో ముప్ఫై నాలుగేళ్లుగా సొంత మెకానిక్ షెడ్డు నడుపుతున్న మనిషి ద్రాగో. "షోరూం వాడు నీ జేబుకి చిల్లు పెట్టి, ఆ చిల్లు పెట్టినందుకు కూడా కూలీ వేస్తాడు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించేవాడు. ఇదే పని పరాయివాళ్లకి ఐదు వందల్లో చేసిచ్చేవాడు. అలాంటిది, తన పెళ్లామే ఆ గుమ్మం తొక్కింది.

వంటింట్లోకి వచ్చి కాగితాన్ని బల్ల మీద చరిచాడు. కప్పులు ఎగిరిపడ్డాయి.

"ఏమిటే ఇది?"

నెవెంక మొహం పాలిపోయింది. "వారంటీ ఉంది కదా అని..."

"వారంటీ పోయి రెండేళ్లయింది. మెకానిక్‌కే కథలు చెబుతావా?"

"కారు కడిగిచ్చారు ద్రాగో. కాఫీ కూడా ఇచ్చారు."

"పద్దెనిమిది వందల కాఫీ తాగొచ్చావా!"

పొయ్యి మీది ఇత్తడి కాఫీ గిన్నె అందుకుని గోడకేసి విసిరాడు. మరుగుతున్న కాఫీ నెవెంక భుజం పక్కనుంచి చిమ్మి గోడంతా కారింది. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఊళ్లో నా పరువు తీయడానికేనా? ద్రాగో పనితనం మీద వాడి పెళ్లానికే నమ్మకం లేదని నలుగురూ నవ్వాలనేనా?"

జవాబు కోసం ఆగకుండా అతను బయటికి పోయి వ్యాను వెనక తలుపు లాగి సమ్మెట తీశాడు. మొదటి దెబ్బకి కారు ముందద్దం సాలెగూడులా పగిలింది. రెండో దెబ్బకి లోపలికి కూలింది. పక్కద్దం తెగి పచ్చిక మీద పడింది. ఎదురింటివాళ్లు గొట్టంతో మొక్కలకి నీళ్లు పెడుతూ పెడుతూ ఆపేసి లోపలికి పోయారు.

అతనితో కలిసి షెడ్డులో పనిచేసే కూతురు యస్న అప్పుడే బండి దిగింది.

"నాన్నా! పిచ్చెక్కిందా నీకు?" అంటూ పరుగెత్తుకొచ్చి వెనకనుంచి అతని చొక్కా పట్టుకుంది.

"వదులు!" వెనక్కి చూడకుండానే విసిరాడు. సమ్మెట కామ ఆమె ముంజేతికి తగిలింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

"అడ్డం రావద్దంటే..." అని అరవబోయి తిరిగి చూశాడు. యస్న నేలమీద కూలబడి, చేతిని ఒళ్లో పెట్టుకుని, పెదవి కొరుక్కుంటోంది. చెయ్యి మధ్యలో వంగి ఉంది.

నెవెంక గాజుపెంకుల మీదనుంచి వట్టికాళ్లతోనే నడిచొచ్చింది. కూతురి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తలెత్తి మొగుణ్ణి చూసింది.

"ఇప్పుడు విను. ఇన్నాళ్లూ నీకు తెలియకూడదనుకున్నాం. మార్చిలో నా కారుకి బ్రేకులు ఇక్కడే, వాకిట్లో నువ్వే వేశావు. మర్నాడు రింగురోడ్డు మీద ఎడమ చక్రం ఊడిపోయింది. కారు రోడ్డుని రాసుకుంటూ పోయి కంచె ముందు ఆగింది. నట్లు ఒక్కటీ బిగించలేదు నువ్వు."

"అబద్ధం!"

"నిజమే నాన్నా," అంది యస్న, పళ్ల బిగువున. "పని మధ్యలో ఫోనొస్తే ఎక్కడ ఆపావో నీకు గుర్తుండట్లేదు. నువ్వు తిండికి వెళ్లినప్పుడల్లా, నువ్వు చేసిన ప్రతి బండీ నేను మళ్లీ బిగిస్తున్నాను."

"ఈ ఊళ్లో ఏ షెడ్డుకి తీసుకెళ్లినా నిన్నెరిగినవాళ్లే," అంది నెవెంక. "సాయంత్రానికల్లా నువ్వెళ్లే క్లబ్బులో అందరి నోళ్లలో నానేవాడివి. షోరూంలో నువ్వెవరో ఎవరికీ తెలియదు. అందుకే అంత పోశాను. చక్రం ఎవరు బిగించారని అడిగితే నేనే బిగించానని చెప్పాను. చేతగాని పని ఎందుకు పెట్టుకున్నావమ్మా అని పాతికేళ్లవాడు నాకు నీతులు చెప్పాడు. తల వంచుకుని విన్నాను."

ద్రాగో చేతిలోంచి సమ్మెట జారిపోయింది. ఆ బ్రేకులు వేసిన రోజును ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

ఆసుపత్రికి వ్యానులో వెళ్లారు. నెవెంక నడిపింది. ద్రాగో వెనక స్పానర్ల పెట్టెల మధ్య కూర్చున్నాడు. ముందు సీట్లో కూతురు మూలుగు ఆపుకోవడం ప్రతి గుంత దగ్గరా అతనికి వినిపించింది.

"ఎలా తగిలింది?" అని అడిగింది నర్సు.

"షెడ్డులో జాకీ జారి..." యస్న తడుముకోకుండా అంది.

ద్రాగో లేచి నిలబడ్డాడు. "జాకీ కాదమ్మా. సమ్మెట కామ. నేనే కొట్టాను. దీని తండ్రిని."

నర్సు కలం ఆగింది. "మీరు బయట కూర్చోండి. పోలీసులకి చెప్పాల్సి ఉంటుంది."

"చెప్పండి," అన్నాడు.

బయట బెంచీ మీద చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. అరికాళ్లకి కట్లు కట్టించుకున్న నెవెంక మెల్లగా వచ్చి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది.

"ఎముక విరిగింది. ఆరు వారాలు పడుతుందన్నారు."

అతను తలూపాడు. తలెత్తకుండానే అడిగాడు: "నేనిలా అయి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

"రెండేళ్లూ మీ ఇద్దరూ..." యస్న ఉన్న గది తలుపు వైపు చూశాడు. "దాని చెయ్యి, నెవెంకా! నా బండ్లన్నీ బిగించిన చెయ్యి..." ముప్ఫై నాలుగేళ్ల నూనె నల్లదనం ఇంకిపోయిన అరచేతుల్లో మొహం దాచుకుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా బావురుమన్నాడు.

నెవెంక అతని కన్నీళ్లు తుడవలేదు. "క్షమించానని ఇప్పుడు అనలేను," అంది. "సోమవారం నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళతాను. రానంటే మాత్రం ఊరుకోను."

"వస్తాను."

ఆమె మధ్యలో వదిలిన చోటు దాటి అతని పక్కకి జరిగింది.