మరదలి కుర్చీ

నవ్వుతున్నావా? నవ్వు. ఒక్క మాటకి జవాబు చెప్పి మరీ నవ్వు. ఎదురు చెప్పలేని మనిషి నెత్తిన నీ తప్పు ఎప్పుడైనా రుద్దావా, లేదా? తల తిప్పుకోకు. రుద్దే ఉంటావు. దెయ్యం కథ అనగానే ముందు నవ్వేదీ మీలాంటి వాళ్ళే, రాత్రి లైటు వేసుకుని పడుకునేదీ మీలాంటి వాళ్ళే. నోరు మూసుకుని విను.

మూడో అంతస్తులో రెండు గదుల ఆఫీసు అది. యంత్రం కొంటే దానితో పాటు వాడుక పుస్తకం ఒకటి ఇస్తారు చూడు, అలాంటివాటిని జపనీస్‌లోకి మార్చడం వాళ్ళ పని. లోపలి గదిలో కిటికీ పక్కన, మూలగా ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. అక్కడ ఎవరూ కూర్చోరు. ఊడ్చే మనిషి కూడా చీపురు చాచి దూరం నుంచే ఊడుస్తుంది.

ఆ కుర్చీ యజమాని మరదలిది. ఆయన భార్యకి స్వయానా చెల్లెలు. ఒంట్లో బాగాలేకపోయినా సెలవు దొరక్క, జ్వరంతోనే పనిచేసి, ఆ జ్వరం ఊపిరితిత్తులకెక్కి చనిపోయింది.

ఆవిడ పోయాక ఇద్దరు కూర్చుని చూశారు. మీట మీద వేలు పెట్టారో లేదో... వాళ్ళు కొట్టని వాక్యం ఒకటి తెర మీదికి వచ్చి నిలబడిందట. పొడవాటి వాక్యం. చెరిపితే మళ్ళీ వచ్చిందట. మొదట కూర్చున్నావిడ ఏడుస్తూ లేచి వెళ్ళిపోయింది. రెండో ఆయన మాస్టారు, ఒకప్పుడు ఆ భాష పాఠాలు చెప్పినాయన. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ సీటు నాకొద్దు సార్" అన్నాడు.

"ఏముందయ్యా అందులో, అంత జడుసుకోడానికి?"

"మీరే చదువుకోండి సార్. మీకు జపనీస్ కొట్టిన పిండి కదా!"

యజమాని ముఖం మాడిపోయింది. గుమ్మం మీద బోర్డులో 'ప్రధాన అనువాదకుడు' అని ఆయన పేరే ఉంది మరి. వయసులో ఉండగా జపాన్ ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాడు, మాట్లాడితే గలగలా మాట్లాడతాడు. చదవమంటే మాత్రం అది కాగితం మీద పాకే చీమల బారే. రాతంతా మరదలిదే, పేరు బావగారిది.

పైగా ఆ భాష కొట్టడమే ఓ తంతు. పలికినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పొడుగు మీట నొక్కితే, ఆ పలుకుకి సరిపోయే బొమ్మల్లాంటి అక్షరాలు కింద బారుతీరి వస్తాయి. సరైనది మనం ఏరుకోవాలి. చదవడం రానివాడు ఏం ఏరతాడు? అయితే మరదలి కంప్యూటర్లో ఏరే పని లేదు. ఏళ్ళ తరబడి ఆవిడ ఏరినవన్నీ నేర్చుకుని, సరైనదాన్నే అది పైన పెడుతుంది. ఆవిడ ఉన్న రోజుల్లో, కంపెనీ పేరో, నమస్కారమో కొట్టాల్సి వస్తే యజమాని అక్కడే కూర్చునేవాడు. పైన ఏది వస్తే అది... కళ్ళు మూసుకుని ఒప్పేసుకునేవాడు.

ఇలా ఉండగా ఒక రోజు జపాన్ కంపెనీ నుంచి ఫోను. కోత యంత్రం మూత తీసి, ఒక పనివాడు రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. పుస్తకంలో హెచ్చరిక ఎందుకు లేదు? తప్పెవరిది? రాసి పంపండి.

మరదలు ఆ హెచ్చరిక రాసింది. బ్లేడు పూర్తిగా ఆగేదాకా మూత తీయరాదని. పేజీలో పట్టడం లేదని యజమానే తీసెయ్యమన్నాడు.

"బావా, వేళ్ళు పోతాయి."

"తిరిగే బ్లేడులో చెయ్యి పెట్టకూడదని కూడా మనమే చెప్పాలా? తీసెయ్!"

ఆవిడ తీయలేదు. ఆయనే ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచి, ఆ వరస చెరిపేశాడు.

ఇప్పుడు మాస్టారిని పిలిచాడు. "తప్పు మా మరదలిదని రాసెయ్యండి. పోయిన మనిషికి ఉద్యోగం పోతుందా, పరువు పోతుందా?"

"నా చేత్తో రాయలేను సార్."

"అయితే నేనే రాస్తా. మీరు ఇంటికి వెళ్ళి ముసుగుతన్ని పడుకోండి!"

అందరూ వెళ్ళిపోయారు. చీకటి పడింది. లోపలి గదిలో మూల లైటు ఆవిడ ఉన్నప్పుడే పోయింది, ఎవరూ మార్చలేదు. తెర వెలుగు తప్ప ఇంకో వెలుగు లేదు.

కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది... ఎవరో జరిగి చోటిచ్చినట్టు.

కంపెనీ పేరు కొట్టాడు, వచ్చింది. నమస్కారం వచ్చింది. ఇక అసలు మాట. 'ఈ తప్పు మా మరదలిది.' అంతే కదా! 'కోనో' అని మొదలుపెట్టాడు. ఆ భాషలో 'ఈ' అని.

వచ్చేసింది.

పొడవాటి వాక్యం... వేళ్ళ కింద నుంచి పాకినట్టు వచ్చి తెర మీద నిలబడింది.

చెరిపాడు. మళ్ళీ 'కోనో'. మళ్ళీ అదే. వెనక ఎవరో నిలబడి, భుజం మీదుగా చూస్తున్నట్టుంది. తిరిగి చూసే ధైర్యం లేదు.

"ఏంటే... ఏం కావాలే నీకు?" అన్నాడు గుసగుసగా.

ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తెర మీద వాక్యం కదలట్లేదు.

ఇన్నేళ్ళూ ఆవిడ ఏరిపెట్టింది ఏనాడైనా తప్పిందా? ఇదీ ఏదో మర్యాద మాటే అయ్యుంటుంది, కంపెనీలకి ఇలాగే రాస్తారు కాబోలు... అనుకున్నాడు. అనుకుని ఒప్పుకునే మీట నొక్కాడు. కింద 'పుస్తకం రాసిన మా మరదలు ఇప్పుడు లేదు' అని కొట్టాడు. దాని కింద తన పేరు పెట్టి, పంపేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మూడంతస్తులూ దిగి పారిపోయాడు.

మర్నాడు ఫోను మోగింది. అవతల పెద్ద అధికారి.

"మీ ఉత్తరం చదివాం. 'ఈ తప్పు పూర్తిగా నాది, ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు, బాధ్యతంతా నేనే మోస్తాను' అని రాశారు. చనిపోయిన మనిషి మీద నింద వేయని మీ నిజాయితీ మాకు నచ్చింది. ఇక మా పనులు మీకు ఇవ్వలేం. గాయపడ్డవాడి సంగతి మా లాయర్లు మీతో మాట్లాడతారు."

"అది... అది నేను రాయలేదండీ!"

"మరెవరు రాశారు? కింద ఉన్నది మీ పేరే కదా?"

ఏం చెప్తాడు? దెయ్యం రాసిందని చెప్పాలి, లేదా నాకు చదవడం రాదని చెప్పాలి. రెండూ మింగేసి ఫోను పెట్టేశాడు.

ఆఫీసు మూతపడింది. చెల్లెలి సామాన్లు తీసుకెళ్ళడానికి ఆయన భార్య వచ్చింది. మాస్టారు కంప్యూటరు తెరిచి, 'కోనో' అని కొట్టి, ఆ వాక్యం చూపించి, అర్థం చెప్పాడు.

"దెయ్యం లేదమ్మా, గియ్యం లేదు. మనం ఎక్కువగా ఏది రాస్తామో ఇది అదే నేర్చుకుని, ముందు అదే అందిస్తుంది. మీ ఆయన తప్పు చేసిన ప్రతిసారీ కంపెనీకి క్షమాపణ మీ చెల్లెలి చేత రాయించేవారు, ఆ అమ్మాయి పేరుతోనే."

ఆవిడ తెర దగ్గరికి వంగింది.

"ఎన్నిసార్లు రాస్తే ఇలా వస్తుంది మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆవిడ ఇంకేమీ పట్టుకెళ్ళలేదు. ఆ ఒక్క కుర్చీని మూడంతస్తులూ దింపించి ఇంటికి తీసుకెళ్ళి, భోజనాల బల్ల దగ్గర, మొగుడి కుర్చీకి ఎదురుగా వేసింది. ఆయనకి అన్నీ వడ్డిస్తుంది. మాట మాత్రం లేదు, ఆ రోజు నుంచీ లేదు. ఒకసారి ఆయన ఆ కుర్చీని గోడవైపు తిప్పబోయాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆయనే మళ్ళీ ఎదురుగా తిప్పి, తల వంచుకుని, కంచంలో చెయ్యి పెట్టాడు.