ఒక్కరే వాడాల్సిన కంప్యూటర్

"అరగంట పని సార్, మీరే పెట్టేసుకోవచ్చు" అన్నాడు దుకాణంవాడు. ఆ మాట నమ్మి, ఇన్‌స్టాల్ చేసే మనిషిని వద్దన్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

చాలాకాలం ఖాళీగా ఉన్నాక మా ఆవిడకి ఇంట్లోంచి చేసుకునే ఉద్యోగం దొరికింది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రిపోర్టులుగా టైపు చెయ్యాలి. రోగుల వివరాలు కాబట్టి కంపెనీవాళ్లు గట్టి షరతే పెట్టారు. ఆ కంప్యూటర్ ఆమె ఒక్కతే వాడాలి, ఇంకెవరి ఖాతా దాంట్లో కనపడకూడదు. సోమవారం పొద్దున వాళ్ల ఆఫీసరు నెట్ ద్వారా తనిఖీ చేస్తాడు. తేడా వస్తే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ వారమంతా మా ఆవిడ సరిగ్గా అన్నం కూడా తినలేదు.

కంప్యూటర్ వెనక గదిలో పెట్టాను. అద్దెకు దిగిన దగ్గర్నుంచీ అందులో పాత సామానే ఉంది. కిటికీ లేదు. గోడలకి చెమ్మ, ఎప్పుడూ తడిబట్టలు ముద్దగా పడేసినట్టు ఒక వాసన. కానీ తలుపుకి తాళం ఉంది. భద్రత అంటే తాళమే కదా అనుకున్నాను, నా తెలివి అంతవరకే.

మా ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరున్న గదిలోంచి వాళ్లు అరిచి మాట్లాడుకుంటాం. లేచి వెళ్లి అడగటం మా ఇంటావంటా లేదు.

ఆదివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. "నెట్ వైరు అప్పుడే పెట్టకు బావా, పాస్‌వర్డు, తాళాలు అన్నీ వేశాకే బయటికి కలుపు" అని మా బావమరిది ఫోన్లో చెప్పాడు. అలాగే చేశాను. పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొస్తాయని కంప్యూటర్ రహస్య ప్రశ్నలు అడిగింది.

"ఏమోయ్, చిన్నప్పుడు నీ ముద్దుపేరేంటి?" అని అరిచాను.

"బుజ్జిపిచ్చుక. నవ్వారంటే చెప్తా మీ పని" అంది వంటింట్లోంచి.

"మొదటి టీచరు?"

"పొడుగుజడ టీచరమ్మ. అసలు పేరు ఎవరికి గుర్తుంది?"

పాస్‌వర్డ్ కూడా అక్షరం అక్షరం కేకవేసి చెప్పింది. వీధిలో వాళ్లకి వినపడలేదు కదా అని నవ్వుకున్నాను.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే తెరమీద రెండు ఖాతాలున్నాయి. ఒకటి మా ఆవిడది. దాని కింద ఇంకోటి, పేరు లేకుండా.

"నువ్వే ఎక్కడో నొక్కి ఉంటావు బావా" అన్నాడు బావమరిది, మళ్లీ ఫోన్ చేస్తే.

"నేనేం నొక్కలేదయ్యా."

"అందరూ అదే అంటారు."

తీసేశాను. మళ్లీ వచ్చింది. ఇంకోసారి తీసేశాను. మళ్లీ వచ్చింది. ఒళ్లు మండిపోయింది. మొత్తం చెరిపేసి అఆల నుంచి మొదలుపెట్టాను. ప్రతిసారీ ఆ నీలం తెర, ఆ తిరిగే చుక్కలు, 'కొద్దిసేపు ఆగండి' అనే అదే మాట. టీ తెచ్చిన మా ఆవిడమీద కూడా ఊరికే కసురుకున్నాను. ఆమె గ్లాసు పెట్టి వెళ్లిపోయింది.

ఈసారి తెర వెలిగినప్పుడు రెండో ఖాతాకి పేరుంది. బుజ్జిపిచ్చుక.

మా ఆవిడ పెట్టిందేమో, నాతో పరాచికాలాడుతోందేమో అనుకున్నాను. ఆమె అసలు ఆ గదిలో కూర్చోనే లేదన్న సంగతి తర్వాత తట్టింది. ఆ ముద్దుపేరు నేను టైపు చేసిన డిస్కు అప్పటికే శుభ్రంగా తుడిచేశాను, ఈసారి ఇంకా ప్రశ్నల జోలికే పోలేదు. నెట్ వైరు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

బయట వాన మొదలైంది. వెనక గదిలో వాసన చిక్కబడింది. ఫ్యాను తిరుగుతున్నా గాలి తగలటం లేదు. పట్టు వదలకుండా మళ్లీ చెరిపి, మళ్లీ ప్రశ్నల దాకా వచ్చాను. ఈసారి ప్రశ్న నేనే తయారు చేసుకోవచ్చంది.

"ఇదిగో, ఇంతవరకూ నాక్కూడా చెప్పనిదేదైనా ఒకటి చెప్పు" అన్నాను తల తిప్పకుండా.

వాన చప్పుడు పెరిగింది.

"పెళ్లికి ముందురోజు పారిపోదామని బస్టాండు దాకా వెళ్లాను... భయమేసి తిరిగొచ్చేశాను."

మా ఆవిడ గొంతే. మెల్లగా, నా వెనకనుంచి. నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. మనసులో ఎక్కడో కలుక్కుమంది. ఇన్నేళ్లూ ఈ మాట చెప్పలేదా అనుకుంటూ వెనక్కి తిరిగాను.

ఎవరూ లేరు.

అప్పుడే ముందుతలుపు తెరుచుకుంది. మా ఆవిడ డాబా మీంచి ఆరేసిన బట్టలు తీసుకుని, నిలువునా తడిసి గది గుమ్మం దాకా వచ్చింది. "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అంది.

కుర్చీలోంచి లేచాను. అతికష్టం మీద అడిగాను. "పెళ్లికి ముందురోజు... బస్టాండుకి వెళ్లావా?"

ఆమె చేతిలో బట్టలు జారిపోయాయి. "మీకెవరు చెప్పారు?" అంది గుసగుసగా. "ఆ సంగతి... నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మక్కూడా..."

కరెంటు పోయింది. గది చీకటైంది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు... ఒక్కొక్కటే... పడుతున్నాయి.

ప్లగ్గు పీకేశాను. ఆరలేదు. కంప్యూటర్ వెనకనుంచి కరెంటు వైరు కూడా లాగేశాను. అప్పుడు ఆరింది. ఆ వైరు అలాగే పట్టుకుని, ఆమెని గుమ్మంలోంచి బయటికి లాగి తలుపుకి తాళం వేశాను. ఇద్దరం ముందుగదిలో దగ్గరగా కూర్చుని, అరవటం మానేసి, చెవుల్లోనే మాట్లాడుకున్నాం. పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి గడువు అడుగుదామన్నాను. "ఇస్తారా? ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎక్కడ దొరుకుతుందండీ" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

పొద్దున మేం చెయ్యకముందే ఆఫీసరు ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టాను.

"అభినందనలండీ. మీ కంప్యూటర్ లాంటిది మేం ఇంతవరకూ చూడలేదు, అంత పకడ్బందీగా ఉంది. ఖాతా కూడా ఒక్కటే. మేడమ్ తెల్లవారకముందే పనిలోకి దిగిపోయారు. ఆవిడ గొంతూ, వివరాలూ అన్నీ సరిచూసుకున్నాం."

నా జేబులో వెనక గది తాళంచెవి ఉంది. కంప్యూటర్ కరెంటు వైరు సోఫా మీద పడి ఉంది.

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "సార్, ఉద్యోగం నాది సార్. నేనే మాట్లాడుతున్నాను. నేనింకా పని మొదలే పెట్టలేదు."

అవతల ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నట్టుంది. మళ్లీ వచ్చేసరికి అతని గొంతు గట్టిపడింది. నన్నే అడిగాడు.

"మేడమ్ ఇంకో లైన్లోనే ఉన్నారండీ. భయపడుతున్నారు. ఆ ఇంట్లో మీరిద్దరే ఉంటారట కదా... మీ పక్కన నిలబడ్డావిడ ఎవరని అడుగుతున్నారు."