చెరువువైపు

"గింటరస్ గారూ, ఇవాళ ఎటువైపు?" అంది ఐస్తే. ఎదురింట్లోకి వచ్చాక నాతో ఆమె మొదటి మాట అది.

మా ఊళ్ళో మనిషిని జీతమెంతని అడగొచ్చు, పెళ్ళెందుకు కాలేదని అడగొచ్చు. వాన వెలిశాక బుట్ట పట్టుకుని అడవికి పోయేవాణ్ణి ఎటువైపని మాత్రం అడగరు. ఎవరి పుట్టగొడుగుల చోటు వాళ్ళది. మా నాన్న కూడా తను మంచాన పడ్డాకే తన చోటు నాకు చెప్పాడు. ఆయన వదిలిపోయిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే.

ఐస్తేకి ఇది తెలియకపోదు. ఇక్కడ పుట్టిన మనిషే. రాజధాని విల్నియస్‌లో మొగుణ్ణి వదిలేసి, ఈ వేసవిలోనే తల్లి దగ్గరికి వచ్చేసింది.

"చెరువువైపు," అని అబద్ధమాడి, నిజంగానే చెరువుదాకా సైకిలు తొక్కి, అడవంతా చుట్టి నా చోటికి చేరుకున్నాను.

ఆమె వదల్లేదు. కనబడినప్పుడల్లా అదే ప్రశ్న. ఒకరోజు జీలకర్ర రొట్టె తెచ్చింది. ఇంకోరోజు నా కోటు చిరిగిందని విప్పించి మరీ కుట్టింది. నలభై దాటిన ఈ మొహానికి ఊరికే రొట్టె ఎవరు తెస్తారు? పైగా ఆమె నవ్వు నాకు నచ్చింది. అసలు చిక్కంతా అదే. ఆ నవ్వుకి కరిగి ఎప్పుడు నోరు జారతానోనని హడలిపోయేవాణ్ణి.

ఆమె ఎత్తేమిటో తేల్చుకుందామని ఒకసారి నేనే రమ్మని బురదనేలల్లోకి తీసుకుపోయాను. దోమలు పీకాయి, బూట్లలోకి నీళ్ళొచ్చాయి, దొరికిన ఒక్క పుట్టగొడుగూ పురుగుపట్టింది. కోపం రావాలి కదా. దారంతా నవ్వుతూనే ఉంది. ఓర్పున్న దొంగ అనుకున్నాను.

తరవాత నా చీలమండ బెణికింది. సరిగ్గా అప్పుడే మంచి వాన పడింది. పుట్టగొడుగులు నాకోసం ఆగవు. కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నాను, ఐస్తే బుట్ట పట్టుకుని దగ్గరిదారిన అడవిలోకి పోయింది.

మధ్యాహ్నానికి ఆ బుట్ట తెచ్చి నా బల్లమీద పెట్టింది. బలిసిన గోధుమరంగు గొడుగులు, కాడలకు తెల్లనాచు. ఆ నాచు ఎక్కడిదో నాకు తెలుసు. చెరువువైపు అది మొలవదు.

"అది నా చోటు," అన్నాను.

"నీదే. నాకు చిన్నప్పుడే తెలుసు. మీ నాన్న చెరువువైపని చెప్పి, బూట్లకి తెల్లనాచుతో తిరిగొచ్చేవాడు. నువ్వూ అంతే."

"మరి ఇన్నాళ్ళూ కొయ్యలేదేం?"

"నీది కదా. ఇవి కుళ్ళిపోతాయని కోసుకొచ్చా. ఇవీ నీవే."

అయినా నా అనుమానం చావలేదు. చోటు తెలిసినదానివి, రోజూ ఎటువైపని ఎందుకడిగావన్నాను.

కత్తితో మట్టి గీకుతూ, తలెత్తకుండా అంది. "నువ్వూ రా అంటావేమోనని."

కుంటుకుంటూ లేచి రెండో కత్తి తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

కాలు నయమయ్యాక మళ్ళీ వాన పడింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ఇద్దరం బుట్టలతో దగ్గరిదారి పట్టాం. చెరువు మా వీపు వెనక ఉంది.

కంచె మీదినుంచి ఐస్తే వాళ్ళమ్మ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, అడగకూడని మాట అడిగేసింది. "ఎటువైపర్రా?"

"చెరువువైపు," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ముసలామె దగ్గరిదారివైపు తిరిగిన మా బూట్ల వంక చూసి తల ఊపింది. "రాత్రికి వేయించడానికి వెన్న నేను తెస్తాలే," అంది.