అరవై మూడో గీత

సున్నంతో కట్టిన పనిని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ మేస్త్రి చేతిని మెచ్చుకుంటారు. తడి పెట్టింది ఎవరని మాత్రం అడగరు. నాకు అదేం బాధ కాదు. నాలుగేళ్ళుగా నేను కోరుకుంటున్నది కూడా అదే, ఎవరూ అడగకుండా ఉండటం.

నా పని తడి పెట్టడం. సిమెంటుకు తొందర ఎక్కువ, సున్నానికి నిదానం ఎక్కువ. అది తడిగా ఉంటూ, మెల్లమెల్లగా గాలి పీల్చుకుంటూ గట్టిపడుతుంది. ఎండ తగిలినా, ఈదురుగాలి కొట్టినా పైపైన ఎండిపోయి, లోపల పిండిలా మిగిలిపోతుంది. అందుకే కట్టిన రోజు నుంచి దాని మీద గోనెపట్టాలు కప్పి, ఇరవై ఒక్క రోజులు, రోజుకు మూడుసార్లు తడపాలి. బక్కెట్టు పెట్టి గుమ్మరిస్తే సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి, మూతకు చిల్లులు పొడిచిన డబ్బాతో చంటిపిల్లకు స్నానం చేయించినట్టు చల్లాలి. చల్లిన ప్రతిసారీ గుమ్మం కొయ్య మీద బొగ్గుతో ఒక గీత గీయాలి. ఇది మా అత్తింటివాళ్ళ పద్ధతి. గీతలు అరవై మూడు అయ్యాకే కమాను కింద చెక్కలు తీస్తారు.

ఇప్పుడు మేస్త్రి మా మరిదే. తేదీలు గుర్తుండవు. సొంత పుట్టినరోజే ఎవరో చెబితే తెలుస్తుంది అతనికి. గీతలు మాత్రం ఠక్కున లెక్కపెడతాడు. మనిషి మహా పొడుగు, పనివాళ్ళందరూ 'నిచ్చెన' అంటారు. నాకు మాత్రం అబ్బాయే. మా ఆయన పోయాక పుట్టింటికి వెళ్ళిపోతానంటే, "వెళ్తే తడి ఎవరు పెడతారు వదినా? నన్ను పెట్టమంటావా?" అని నవ్వించి ఆపేసినవాడు. నాకు ఈ లోకంలో మిగిలింది వాడొక్కడే.

ఈసారి పని, మూతబడిన ఒక అచ్చాపీసులో. నేలకు దిగువన కాగితం దాచే గది ఒకటుంది. దాని మధ్యలో పాత కమాను కూలితే, మళ్ళీ సున్నంతోనే కట్టాలన్నారు. మరిది పది రోజులు దగ్గరుండి కట్టి, కింద చెక్క చట్రం బిగించి, ఇంకో పని మీద ఊరికి ఆ చివరకు వెళ్ళిపోయాడు.

"నీదే భారం వదినా," అన్నాడు వెళ్తూ.

"నీ బరువు కంటే తక్కువేలే," అన్నాను.

గాలి రాకుండా, బయటి నేల మట్టాన ఉన్న కిటికీలన్నిటికీ టార్పాలిన్లు కట్టేశాం. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సందెచీకటే. తడిసిన గోనె వాసన, పచ్చి సున్నం వాసన, వాటి అడుగున ఎప్పటిదో సిరా వాసన. కమాను మీద నుంచి వేలాడే పట్టాల చివర్ల నుంచి చుక్కలు పడే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

ఎనిమిది రోజులు సాఫీగా గడిచాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్లు దిగాను. గుమ్మం మీద మధ్యాహ్నపు గీత అప్పటికే ఉంది.

పరాకున పొద్దున రెండు గీసి ఉంటానని సరిపెట్టుకున్నాను. నాది ఎడమచేతి వాటం. నా గీత చివర కొక్కెంలా వంకర పోతుంది. అదీ అలాగే ఉంది, నాదే. కానీ పట్టా మీద చెయ్యి వేస్తే గరగరమంది. పొద్దున నీళ్ళు కారుతుండగా వదిలి వెళ్ళిన పట్టా, వారం రోజులు ఎండలో ఆరేసినట్టుంది.

ఎప్పుడూ పోసేదానికి రెండింతలు తడిపాను. గీత తుడిచేశాను. మర్నాడు మధ్యాహ్నం చూస్తే మళ్ళీ గీత ఉంది, మళ్ళీ పట్టాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దునా సాయంత్రమూ ఏ తేడా లేదు. ఆ మధ్యాహ్నమే, మూడు గంటల వేళే...

ఆ వేళ ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పక తప్పదు.

నాలుగేళ్ళ కిందట ఒక గిడ్డంగి వాకిలికి మా ఆయన కమాను కట్టాడు. ఎండలు మండిపోతున్నాయి. నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. వరుసగా మూడు మధ్యాహ్నాలు నేను నీడపట్టున పడి నిద్రపోయాను. తడి పెట్టలేదు. లేచి గీతలు మాత్రం గీశాను. ప్రతి సాయంత్రం ఆయన వచ్చి, "తడి పెట్టావా?" అని అడిగేవాడు. "పెట్టాను," అనేదాన్ని. నా మాట మీద అంత నమ్మకం, ఒక్కసారి కూడా పట్టా పైకెత్తి చూడలేదు. అరవై మూడు అయ్యాక, ఆఖరి చెక్క ఆయనే తీశాడు. కమాను ఆయన మీదే కూలింది.

సున్నం మంచిది కాదన్నారు అందరూ. సున్నం కాల్చి అమ్మిన బట్టీవాడిని తిట్టారు. మా మరిది అతని ముఖం చూడటం మానేశాడు. నేను నోరు మెదపలేదు. ఏడ్చాను, అంతే. ఏడిచేవాళ్ళను ఎవరూ ఏమీ అడగరని అప్పుడే నాకు తెలిసింది.

అందుకే అచ్చాపీసులో జరుగుతున్నది మరిదికి చెప్పలేకపోయాను. "గీత అబద్ధం చెబుతోంది అబ్బాయ్" అంటే, "గీత అబద్ధం ఎలా చెబుతుంది వదినా?" అంటాడు. ఎలా చెబుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పదహారో రోజు ఆ గదిలోనే కాపు కాశాను. మెట్టు మీద కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు పట్టాల మీదే ఉంచాను. చుక్కలు పడుతున్నాయి. టప్... టప్... మూడయ్యే వేళకు చుక్కల మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఆగిపోయాయి.

పట్టా రంగు మారుతోంది. నల్లగా తడిసిన గోనె అంచుల నుంచి లోపలికి తెల్లబడుతోంది, ఎవరో వెనక నుంచి నీళ్ళు పీల్చేస్తున్నట్టు. నిజంగానే పీల్చే చప్పుడు వినిపించింది. మనిషి నోటి ఎత్తులో గోనె లోపలికి గుంట పడింది. మళ్ళీ బయటికి ఉబ్బింది. లోపలికి... బయటికి... పట్టా వెనక రాతి కట్టడం తప్ప ఏమీ లేదు. మనిషి కాదు కదా, బల్లి దూరేంత సందు కూడా లేదు.

డబ్బాను ఒడిసి పట్టుకున్నాను. లేవాలనుకున్నాను, లేవలేకపోయాను.

"తడి... పెట్టావా?"

గుసగుస. పొడి గొంతు. కోపం లేదు అందులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సాయంత్రం పని నుంచి వచ్చి, కండువా దులుపుకుంటూ అడిగినట్టే అడిగాడు.

నేను నిజం చెప్పాల్సింది. నాలుగేళ్ళుగా ఆయన ఎదురుపడితే కాళ్ళ మీద పడి చెబుదామనే అనుకున్నాను. కానీ అలవాటుపడ్డ నోరు అది. నాకంటే ముందే కదిలింది.

"పెట్టాను."

గోనె ఒక్కసారిగా వదులై వేలాడింది. నా వెనక, గుమ్మం దగ్గర, బొగ్గు కొయ్య మీద రాసుకుంటూ వెళ్ళిన చప్పుడు... చివర్లో చిన్న వంకర తిరిగిన చప్పుడు కూడా వినబడింది.

డబ్బా అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఆ సాయంత్రమూ మర్నాడూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళి తడిపి వచ్చాను. గీతలు లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది. నేను చేసిన తప్పు అదీ.

పద్దెనిమిదో రోజు పొద్దున వెళ్ళేసరికి లోపల నుంచి సుత్తి చప్పుడు వస్తోంది. గుమ్మం మీద చూశాను. నా లెక్కకు యాభై ఒకటి ఉండాలి. అరవై మూడు ఉన్నాయి.

మరిది కమాను కిందే ఉన్నాడు. పట్టాలు తీసి ఓ పక్కన పడేశాడు. ఒక వైపు ఆపు చెక్కలు అప్పటికే ఊడదీశాడు.

"వచ్చావా వదినా? పూర్తయిందని కబురైనా పంపవేం? గీతలు చూసి నేనే మొదలుపెట్టాను."

"బయటికి రా."

"ఇంకో నాలుగు దెబ్బలే. వచ్చేస్తా."

"గీతలు అబద్ధం అబ్బాయ్. రోజులు నిండలేదు. బయటికి రా."

నవ్వాడు. "నీ గీతలేగా. ఆ వంకర ఎవరిది మరి?" అంటూ సుత్తి ఎత్తాడు.

ఆ ఎత్తిన చెయ్యి చూడగానే నా కడుపులో నాలుగేళ్ళుగా గడ్డకట్టుకున్నది నోటికి వచ్చేసింది.

"మీ అన్న కట్టినప్పుడు కూడా గీతలు అబద్ధమే. మూడు రోజులు తడి పెట్టకుండా గీశాను. సున్నం మంచిదే. నేనే... నేనే చంపుకున్నాను. నువ్వు బయటికి రా నాయనా, నీకు దణ్ణం పెడతాను."

సుత్తి దింపేశాడు. నన్ను చూశాడు. ఆ చూపు పగవాళ్ళకు కూడా వద్దు. తల వంచుకుని, కమాను కింద నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ బయటికి వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, రాళ్ళ మధ్య నుంచి సున్నం పిండిలా జలజలా రాలింది. తర్వాత కమాను మొత్తం కూలిపోయింది. గది నిండా తెల్లటి దుమ్ము.

దుమ్ము తగ్గాక మరిది ఒకే మాట అన్నాడు, నా వైపు చూడకుండా.

"నువ్వు రాకముందు లోపల ఎవరో అడిగారు. తడి పెట్టావా అని. నువ్వే అనుకుని, పెట్టాం అన్నాను."

అంతే. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. బట్టీవాడి దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగి వచ్చాడని ఎవరో చెప్పారు. నన్ను ఇంట్లోంచి పొమ్మనలేదు. నేను అన్నం గది ముందు పెడతాను, అతను తింటాడు. నేను బట్టలు ఉతుకుతాను, అతను వేసుకుంటాడు. దానికి కూడా అర్హురాలిని కాదని నాకు తెలుసు. బతికున్నాడు, అది చాలు అనుకున్నాను.

కమాను కూలిన మర్నాడు ఉతకబోయిన చొక్కా వీపు మీద మూడు నల్ల గీతలు కనిపించాయి. బండకేసి ఎంత రుద్దినా పోలేదు. పెట్టెలోంచి వేరే చొక్కా తీసి పెట్టాను. దాని మీద మర్నాడు ఆరు ఉన్నాయి. ఏ చొక్కా తొడిగినా ఆనాటి లెక్క దాని మీద ఉంటుంది. రోజుకు మూడు. ప్రతి గీత చివరా వంకర.

అతనికేమో దాహం. బిందెడు నీళ్ళు తాగుతాడు, మళ్ళీ చెంబు ముంచుతాడు. పెదవులు బీటలు వారాయి. పిలిస్తే పలకడు, వీధి అరుగు మీద కూర్చుని తాగుతూనే ఉంటాడు. పొద్దున దుప్పటి దులిపితే తెల్లటి పొడి రాలుతుంది. వేళ్ళతో నలిపి చూశాను. ఆ మెత్తదనం నాకు తెలుసు.

ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. చొక్కా మీద యాభై నాలుగు.

ఇందాక, మధ్యాహ్నం మూడింటికి, నిండు చెంబు తీసుకెళ్ళి అతని గది ముందు నిలబడ్డాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మాట్లాడడని తెలిసీ అడిగాను.

"నీళ్ళు తాగావా అబ్బాయ్?"

"తాగాను."

పద్దెనిమిది రోజుల తర్వాత, తలుపు వెనక నుంచి వచ్చిన మాట. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంటుంటే వెనక వీధి గేటు చప్పుడైంది. తిరిగి చూశాను. భుజాన పనిముట్ల సంచితో మరిది లోపలికి వస్తున్నాడు, నాలుకతో పెదవులు తడుపుకుంటూ.

చేతిలో చెంబు తేలిగ్గా అనిపించింది. వంచి చూశాను. అడుగు కూడా తడిగా లేదు.