రెండు వందల పన్నెండో పాదం

ఉదయం పది గంటలకి చీఫ్ కిటికీ తెరలు మూసి, ఫ్యాను వేగం పెంచాడు. ఆ చప్పుడులో మాటలు బయటికి పోవని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలోకి వచ్చినవాళ్ళందరికీ మెడ పట్టేసేది.

"ఆపరేషన్ ఉయ్యాల," అన్నాడు చీఫ్. "కూర్చో."

ఏజెంట్ డెబ్భై కూర్చున్నాడు. వయసు నలభై ఒకటి, నంబరు డెబ్భై. అసలు పేరంటూ ఒకటుంది గానీ పిలిచే దిక్కు లేదు. సర్వీసులో చేరిన రోజున అనాథాశ్రమం ఫైలు, బడి సర్టిఫికెట్లు, ఆఖరికి లైబ్రరీ కార్డు కూడా డిపార్ట్‌మెంటు తగలబెట్టేసింది. "వెనకా ముందూ ఎవరూ లేనివాడివి, మాకు సరిగ్గా సరిపోయావు" అని చీఫ్ ఆనాడు భుజం తట్టాడు. డెబ్భై అది మెచ్చుకోలే అనుకున్నాడు. చాలాకాలం అలాగే అనుకున్నాడు, పాపం.

"దేశాధ్యక్షుడిగా నిలబడటానికి మొదటి అర్హత?"

"ఈ గడ్డమీద పుట్టి ఉండాలి."

"బయట పుట్టి, తర్వాత పౌరసత్వం తీసుకున్నవాడు?"

"మంత్రి కావచ్చు. అధ్యక్షుడు కాలేడు."

"ఓడల షావుకారు పుట్టింది బయట. మనకి తెలుసు, రుజువు లేదు. ఒక విదేశీ ముఠా అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి వెనకనుంచి ఆడించాలని చూస్తోంది. నిన్న నామినేషన్‌తో పాటు మన పాత ప్రసూతి ఆసుపత్రి జనన ధ్రువపత్రం పెట్టాడు. వెళ్ళి ఆ రిజిస్టరు చూడు. పరిశీలన ఇవాళ మూడింటికి ముగుస్తుంది. ఆ తర్వాత అభ్యంతరాలు చెల్లవు."

"ముఠాలో మన మనిషి ఉంది కదా. దొరసాని ఏమంటోంది?"

"పత్రం నిఖార్సయినదంటోంది." చీఫ్ ఫ్యాను వేగం ఇంకాస్త పెంచాడు. "అందుకే నిన్ను పంపుతున్నాను."

దొరసాని అన్నది ఆమె మారుపేరు. నడకలో, చీర కట్టులో, ఎదుటివాణ్ణి చూసే తీరులో ఆ దర్జా అలాంటిది. మూడేళ్ళ కిందట ఒక మిషన్ కోసం ఇద్దరూ రెండు నెలలు మొగుడూ పెళ్ళాల్లా ఒక అద్దె ఇంట్లో ఉన్నారు. ఒక వానకాలం సాయంత్రం, కిటికీ దగ్గర కూర్చుని, డెబ్భై ఎవరికీ చెప్పని సంగతి ఆమెకి చెప్పాడు. తను పుట్టిన తేదీ, ఆసుపత్రి, ఆశ్రమం ఫైల్లో చూసిన వరుస నంబరు. ఆమె అంతా విని అతన్ని పేరు పెట్టి పిలిచింది. మిషన్ అయిపోయాక ఇల్లు ఖాళీ చేశారు. ఆ ఇంటి ముందునుంచి వెళ్ళే బస్సు అతను ఇప్పటికీ ఎక్కడు.

పదకొండున్నరకి ఆసుపత్రి రికార్డు గదిలో ఒక బైండింగ్ పనివాడు చేరాడు. చేతిలో జిగురు డబ్బా, దారపు ఉండలు, పెద్ద సూది. సూది పిడిలో వంగపండు రంగు వెలుతురిచ్చే చిన్న టార్చి. చెరిపేసిన సిరా ఆ వెలుతురులో మళ్ళీ కనిపిస్తుంది.

రికార్డు గది చూసే పెద్దమ్మ కళ్ళద్దాలు పైకి తోసి చూసింది. "ఏ రిజిస్టరు కుట్టినా ఇక్కడే, నా ఎదురుగా కుట్టాలి నాయనా. గడప దాటనివ్వను."

"అలాగేనమ్మా."

ధ్రువపత్రంలో ఉన్న సంవత్సరం తీశాడు. పేజీలు తిప్పాడు. షావుకారు పేరు వరుస నంబరు రెండు వందల పన్నెండులో ఉంది.

డెబ్భై చెయ్యి ఆగిపోయింది. ఆ తేదీ తనది. ఆ నంబరు తనది.

టార్చి వెలిగించాడు. షావుకారు తల్లిదండ్రుల పేర్ల కింద లేతగా మరో రాత తేలింది. మగశిశువు. తల్లి ప్రసవంలో మరణించింది. శిశువుని ఆశ్రమానికి పంపడమైనది. దాని పక్కన ఆ తల్లి పేరు.

నలభై ఒక్క ఏళ్ళకి అతనికి తల్లి పేరు తెలిసింది. మూడక్షరాల పేరు. అతను దాన్ని పెదాలు కదపకుండా రెండుసార్లు చదువుకున్నాడు. ఈ సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉంటే బాగుండుననిపించింది. చెప్పుకున్న ఒక్క మనిషీ ఆ పుట్టుకని తీసుకెళ్ళి ముఠా చేతిలో పెట్టింది.

"పేజీ వెనక చూశావా?" అంది పెద్దమ్మ. "మా ఆసుపత్రిలో ఒకసారి ఇద్దరు పిల్లలు తారుమారయ్యారు. అప్పట్నుంచి పుట్టిన ప్రతి బిడ్డ కుడి పాదం సిరాలో ముంచి అద్దేవాళ్ళం. అప్పుడు నేను ఆయాని. ఇంకే ఆసుపత్రిలోనూ ఈ అలవాటు లేదు."

పేజీ తిప్పాడు. అగ్గిపెట్టెంత పాదం, అయిదు చుక్కల వేళ్ళు. దాన్ని చెరపాలంటే కాగితం చిరుగుతుంది. పైగా ఆ పాదం తాలూకు మనిషి ఎలాగూ ముందుకు రాడని ముఠా ధీమా. సర్వీసులో ఉన్నవాడు తన పుట్టుక జోలికి పోకూడదన్న రూలు దొరసానికి తెలుసు. అక్కడే పప్పులో కాలేశారు.

డెబ్భై చేతిగడియారంలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. సంగతంతా విని చీఫ్ పళ్ళు కొరికాడు. "అభ్యంతరం మనం పెట్టకూడదు. ప్రభుత్వమే కుట్ర చేసిందని గోల చేస్తారు. ఎవరైనా పౌరుడు పెట్టాలి."

"ఉన్నాడు సార్. పాదం నాది."

ఫ్యాను చప్పుడు మీదుగా చీఫ్ గొంతు వినిపించింది. "పదిమందిలోకి వచ్చి నిలబడితే నువ్వు మళ్ళీ ఏజెంటువి కాలేవు. ఇది తప్ప నీకేముందయ్యా?"

"పాదముద్ర పోల్చే మనిషిని పంపండి సార్."

"వేలిముద్రల నిపుణుణ్ణి పంపుతాను," అన్నాడు చీఫ్. "నిన్ను మాత్రం ఎరగను."

రిజిస్టరు కావాలంటే పెద్దమ్మ ససేమిరా అంది. విషయం చెప్పాక కాసేపు ఆలోచించి, రిజిస్టరు చంకన పెట్టుకుని, గదికి తాళం వేసింది. "అది వెళ్తే నేనూ వస్తాను. పద."

రెండూ యాభైకి ఎన్నికల కార్యాలయం చేరారు. వరండా మలుపులో దొరసాని నిలబడి ఉంది. భుజాన తోలు సంచి, అందులో కుడి చెయ్యి.

"పెద్దమ్మా, మీరు లోపలికి వెళ్ళండి," అన్నాడు డెబ్భై. ఆవిడ వెళ్ళింది.

"నువ్వు రావనుకున్నాను," అంది దొరసాని.

"ఇన్ని పుట్టుకలుండగా నాదే దొరికిందా?"

"నీకెవరూ లేరు కదా. ఎవరికీ నష్టం ఉండదనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "ఇక్కడ నేనూ ఒక నంబరునే. వాళ్ళు నాకు పేరు, ఇల్లు ఇస్తామన్నారు. ఇంకో అడుగు వెయ్యకు. సంచిలో ఏముందో నీకు తెలుసు."

"తెలుసు. కాల్చు. ఎవరూ అడగరు."

అతను నడిచాడు. వెనకనుంచి ఆమె పేరు పెట్టి పిలిచింది. అతను తిరగలేదు. తూటా రాలేదు.

గోడ గడియారం రెండూ యాభై ఎనిమిది. ఎన్నికల అధికారి కలం మూత తీసి, షావుకారు నామినేషన్ మీద సంతకానికి వంగాడు.

"అభ్యంతరం!" అన్నాడు డెబ్భై. "ఆ పుట్టుక నాది."

షావుకారు లాయరు పగలబడి నవ్వాడు. "ఇతని దగ్గర ఒక్క కాగితమైనా ఉందేమో అడగండి!"

"కాగితం లేదు. కాలుంది."

కుర్చీలో కూర్చుని కుడి బూటు, మేజోడు విప్పాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఒంటరివాడి మేజోడు అలాగే ఉంటుంది. నిపుణుడు సిరా పూసి పాదం అద్దించుకున్నాడు. అధికారి షావుకారు వైపు తిరిగాడు. "మీరు కూడా దయచేయండి."

షావుకారు తళతళలాడే బూట్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. "నా హోదా ఏమిటి, ఈ అవమానమేమిటి!" అన్నాడు. చెమట మాత్రం హోదా చూడలేదు.

గడియారం మూడు కొట్టేసరికి అభ్యంతరం నమోదైంది. భూతద్దం కింద గీతలు పోల్చడానికి మరో గంట పట్టింది. చిన్న పాదం, పెద్ద పాదం ఒక్కటే. నామినేషన్ చెల్లదు. షావుకారునీ, ఇద్దరు విదేశీ సలహాదారులనీ, దొరసానినీ ఒకే వ్యాన్‌లో ఎక్కించారు. ఆమె కిటికీ వైపు కూర్చుంది. డెబ్భై మెట్లమీద నిలబడి వ్యాన్ మలుపు తిరిగేదాకా చూశాడు.

"నీ పాదం అద్దింది నేనే అయ్యుంటాను నాయనా," అంది పెద్దమ్మ. "కానీ ఆ ఏడాది వందలమందికి అద్దాను. గుర్తున్నావని అబద్ధం చెప్పలేను." బస్సుకి వేళయిందని రిజిస్టరుతో వెళ్ళిపోయింది.

అధికారి అతనికి కొత్త ధ్రువపత్రం ఇప్పించాడు. సిరా ఇంకా తడిగానే ఉంది. డెబ్భై తల్లి పేరు మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందని ఆగాడు.

"ఈ గడ్డమీద పుట్టారు, వయసుంది," అన్నాడు అధికారి సరదాగా. "వచ్చేసారి మీరే అధ్యక్షుడిగా నిలబడకూడదూ?"

"ఇంకేం కావాలండీ?"

"పెద్దగా ఏమీ లేదు. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళు పదిమంది ప్రతిపాదించాలి."

డెబ్భై నిజంగానే లెక్కపెట్టాడు. ఒక చేతి వేళ్ళలోనే చాలా మిగిలిపోయాయి. పత్రం మడిచి జేబులో పెట్టుకుంటూ నవ్వాడు.

"నన్ను పదిమంది ఎరిగుంటే, ఇవాళ పొద్దుటిదాకా ఉన్న ఉద్యోగం నాకెవరిస్తారండీ!"