ఇరవై అడుగుల నేల

ఆ ఉదయం సరస్సు మీద ఆకాశం పొగ చూరినట్టు నల్లబడింది. వాన మబ్బు కాదు, ఈగలు. నీళ్లలోంచి కోట్లకొద్దీ పుట్టి, స్తంభాల్లా పైకి లేచి, గాలి ఎటు తోస్తే అటు వాలుతున్నాయి. మజంజి ఒడ్డుకి వచ్చే ప్రతి కారు అద్దమూ ఈగల ముద్దతో మూసుకుపోతోంది. కార్లు కడిగేవాళ్లకి చేతినిండా పని.

ఎగెసా కార్లు కడిగేవాడు కాదు. ఉగాండా గూఢచారి శాఖలో ఏజెంట్ 31. ఇవాళ మాత్రం మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, రబ్బరు చెప్పులు, చేతిలో నీళ్ల పైపు. కాలరు కింద మైకు, చెవిలో గింజంత రిసీవర్. అందులోంచి చీఫ్ అమోడింగ్ గొంతు వినిపించింది.

"కోర్విన్ వస్తున్నాడు. బ్రీఫ్‌కేసులో మనవాళ్లు పదకొండు మంది పేర్లున్నాయి. సరిహద్దు దాటితే రేపటికి పదకొండు శవాలు."

"దారిలోనే ఆపేద్దాం మేడమ్."

"ఎంబసీ నంబరు ప్లేటు. కారు సోదా చేసే హక్కు మనకి లేదు. కానీ ఆ రక్షణ కారుకే, వాడికి లేదు. పెట్టె పట్టుకుని వాడు నేల మీద నిలబడాలి. అప్పుడు పట్టుకో. ప్రాణాలతో."

ఆ చివరి మాట ఎగెసాకి నచ్చలేదు. నాలుగు నెలల కింద అన్న బరాసా శవం ఇదే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. చేతులు వెనక్కి విరిచి, వైర్లకి చుట్టే నల్ల టేపుతో కట్టేశారు. అది బరాసా సొంత టేపే.

బరాసా సరిహద్దు ఊరు బుసియాలో కార్ల ఎలక్ట్రీషియన్. ఎంబసీ కారులో తిరిగే విదేశీ గూఢచారి కోర్విన్ కారు తాళాల్లో ఒకటి పోతే, డ్రైవరు కారుని అతని దగ్గరికి తెచ్చాడు. దొంగలు ఎత్తుకుపోకుండా ఆ కారు తాళంలో చిన్న చిప్ ఉంటుంది. అది స్టీరింగ్ పక్కనే లేకపోతే ఇంజన్ రెండు సెకన్లు పలికి ఆగిపోతుంది. కంపెనీ తాళం రావాలంటే నెలలు పడుతుంది. బరాసా ఆ ఊళ్లో అందరూ చేసే పనే చేశాడు. మిగిలిన తాళంలోంచి చిప్ ఊడదీసి, టేపు చుట్టి, స్టీరింగ్ కవరు లోపల అంటించేశాడు. ఇక ఏ మామూలు తాళం పెట్టినా కారు కదులుతుంది. డ్రైవరు మాత్రం యజమానికి కంపెనీ తాళమనే చెప్పాడు.

ఆ పని చేస్తుండగానే డ్యాష్‌బోర్డు కింద రహస్య రేడియో కనిపించింది. బరాసా తమ్ముడికి చెప్పాడు. వారం తిరక్కుండా శవమయ్యాడు.

నల్ల కారు వచ్చి ఆగింది. అద్దమంతా ఈగలే. డ్రైవరు సీట్లోంచి కోర్విన్ దిగాడు. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాలో ఉన్నాడు.

"తొందరగా కానీ."

"లోపలికీ దూరాయి సార్. లోపల కూడా తుడవాలి."

"తుడువు." మెడలో గొలుసుకి వేలాడుతున్న తాళాన్ని తట్టుకున్నాడు. "ఇది లేకపోతే ఈ కారు చచ్చిన ఏనుగు."

"అవును సార్. మంచి తాళం."

కోర్విన్ టీ కొట్టు నీడకి వెళ్లాడు. వెనక సీట్లో లివియా కూర్చునుంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర గోళ్లు. రెండేళ్లు శాఖ జీతం తిని, కోర్విన్ వైపు ఫిరాయించిన మనిషి. పక్కనే బ్రీఫ్‌కేసు, సీటు కాలికి గొలుసుతో కట్టి ఉంది. గొలుసు తాళం కోర్విన్ జేబులో.

ఎగెసా గుడ్డ పట్టుకుని స్టీరింగ్ కిందికి వంగాడు. మూడు స్క్రూలు. రెండోది తిప్పుతుండగా లివియా అంది:

"మెడ వంచితే అచ్చం మీ అన్నే."

చేయి ఆగలేదు. "వాడి పేరు చెప్పింది నువ్వేనా?"

"నా పేరైనా బయటపడాలి, వాడి పేరైనా చెప్పాలి. నువ్వైతే ఏం చేసేవాడివి?"

"అన్న పేరు చెప్పేవాణ్ణి కాదు."

"చెప్పడం తేలికే." ఆమె గోళ్లు చూసుకుంది. "నేను కేక పెట్టను. నన్ను వదిలెయ్యాలి."

"కారు దిగకు. ఈ ప్లేటు ఉన్నంతవరకూ నిన్నెవరూ ముట్టుకోరు."

మూడో స్క్రూ ఊడింది. చిప్ చేతికొచ్చింది. టేపు చివర బరాసా ఎప్పుడూ వేసే మడత అలాగే ఉంది. ఎగెసా దాన్ని నోట్లో వేసుకుని, కవరు బిగించి, బయటికొచ్చి కారు చుట్టూ నీళ్లు కొడుతూనే ఉన్నాడు. మట్టి బురదయింది.

కోర్విన్ వచ్చి తాళం తిప్పాడు. ఇంజన్ పలికింది. రెండు సెకన్లకి ఆగింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మిణుకుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

"నెట్టవోయ్."

"ఆటోమేటిక్ బండి సార్. నెడితే రాదు."

కోర్విన్ ఫోన్ తీశాడు. అర్ధగంటలో రోడ్డు మీద దుమ్ము లేచింది. అలాంటి ఎంబసీ ప్లేటుతోనే ఇంకో కారు. బురద చూసి, ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది.

గొలుసు విప్పిన చప్పుడైంది. పెట్టె పట్టుకుని కోర్విన్ దిగాడు. "నువ్వు తర్వాత రా," అన్నాడు లివియాతో, వెనక్కి చూడకుండా.

అతను దాటిన దూరాన్ని ఎగెసా కళ్లతోనే అడుగుల్లో కొలిచాడు. పన్నెండు. పదిహేను. అవతలి కారు తలుపు తెరుచుకుంది. పద్దెనిమిది.

"సార్, మీకు కావలసింది ఎలక్ట్రీషియన్. ఇక్కడ మంచివాడొకడు ఉండేవాడు. బరాసా అని. నీళ్లల్లో పడేశారు."

కోర్విన్ చేయి నడుము దగ్గరున్న పిస్టల్ మీదికి పోయింది. నీళ్ల ధార ముఖాన తగిలింది. మనిషి వెల్లకిలా బురదలో పడ్డాడు. అవతలి కారు తలుపు మూసుకుంది. దుమ్ము వచ్చిన దారినే పోయింది.

ఎగెసా పిస్టల్ లాక్కుని కోర్విన్ నుదుటికి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"ముప్ఫై ఒకటీ," చెవిలో గొంతు, "ప్రాణాలతో అన్నాను."

జేబులోంచి నల్ల టేపు తీశాడు. కోర్విన్ చేతులు వెనక్కి విరిచి చుట్టాడు. ఎముక నొప్పి తెలిసేలా చుట్టాడు. టేపు అయిపోయేదాకా చుట్టాడు.

"పెట్టె దొరికింది మేడమ్. ఈ కారు సంగతేంటి?"

"ఎంబసీకి ఫోన్ చేశాం. ఆ కారు మాది కాదు, ప్లేటు దొంగదంటున్నారు."

ఎగెసా వెనక తలుపు తెరిచాడు. "దిగు."

"మాటిచ్చావు," అంది లివియా.

"ప్లేటు ఉన్నంతవరకూ అన్నాను."

మధ్యాహ్నం బుసియాలో వదిన నబ్వైరె గుమ్మంలో చెప్పులు విడిచాడు. "దొరికాడు వదినా."

"బతికున్నాడా?"

"ఉన్నాడు."

ఆమె ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికెళ్లింది. రాగి ముద్ద, చేపల పులుసు ఒకే పళ్లెంలో తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరూ చేతులు కడుక్కుని తిన్నారు. ధ్యాస ఎక్కడో పెట్టుకుని ఆమె పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఏజెంట్ 31 రిపోర్టులో రాయని రహస్యం అదొక్కటే.