హాల్లో మడుగు

కోడలు తన గది తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేసరికి, హాల్లో మామగారు వంగి నేల తుడుస్తున్నాడు. వారంలో ఇది నాలుగో మడుగు.

"చూశావామ్మా, బంతి మళ్ళీ పోసేసింది," అన్నాడు తల ఎత్తకుండా.

బంతి మూడు నెలల కుక్కపిల్ల. పాప ఏడ్చి సాధించుకున్నది. దాన్ని బయటికి తిప్పే పని మామగారే తన మీద వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి కదా, గోడకి టైముల కాగితం అంటించాడు. లేవగానే ఒక ట్రిప్పు, పాలు తాగాక ఒకటి, నిద్ర లేచాక ఒకటి. ట్రిప్పు అవగానే టిక్కు పెడతాడు.

ఇన్ని టిక్కులుంటే ఈ మడుగులెక్కడివి? మోకాళ్ళ నొప్పికి గేటు దాకా వెళ్ళకుండా ఉత్తుత్తి టిక్కులు పెడుతున్నాడేమోనని కోడలు రెండ్రోజులు కిటికీలోంచి కాపు కాసింది. వెళ్తున్నాడు. కుక్కపిల్ల గడ్డిలో కూర్చునేదాకా నిలబడి, "శభాష్" అని వీపు నిమిరి మరీ తెస్తున్నాడు. దాంతో ఆ అనుమానం పోయి, అసలీ మడుగులు బంతివేనా అన్న కొత్త అనుమానం పట్టుకుంది. నిన్న పడుకునే ముందు ఎవరికీ చెప్పకుండా బంతిని తన గదిలో పెట్టుకుని గడియ వేసుకుంది.

మరి ఇప్పుడీ మడుగు ఎవరిది?

ఇంతలో రాత్రి డ్యూటీ దిగిన కొడుకు వచ్చాడు. చెప్పులు విప్పకుండానే అరిచాడు.

"చాలు! మీరంతా బతిమాలితే వారం ఆగాను. ఇవాళే ఇచ్చినవాళ్ళకి ఇచ్చేస్తా. బుట్టేదీ?"

"వద్దు నాన్నా! అది చిన్నది నాన్నా!" పాప పరిగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకుంది.

"చిన్నదైతే? తాతయ్య రోజూ నడుం విరగ్గొట్టుకోవాలా?"

కోడలి చూపు మామగారి పైజామా మీద పడింది. మోకాలి దాకా తడి. కిందనుంచి పాకిన తడి కాదది, పైనుంచి కారినది. నోరు తెరవబోయి ఆగిపోయింది. చెబితే మనవరాలి ముందు ఈ పెద్దాయన పరువు పోతుంది. చెప్పకపోతే కుక్కపిల్ల పోతుంది.

"గుడ్డ ఇలా ఇవ్వండి మామయ్యా, నేను తుడుస్తా."

ఆయన ఇవ్వలేదు. అప్పుడే గదిలోంచి తలుపు గీకుతున్న చప్పుడు, కుయ్ కుయ్ మని మూలుగు.

"అది లోపలుందా? ఎప్పట్నించి?" అన్నాడు కొడుకు.

 మామగారు మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"నాలుగేసి గంటలు సీటు దిగకుండా ఆపుకున్నవాణ్ణిరా. ఇప్పుడు బాత్రూం దాకా ఆగటం లేదు. మొదటిరోజు నువ్వే కుక్కపిల్ల పనన్నావు. ఊరుకున్నా. మీరు తిట్టినప్పుడల్లా అది నా కాళ్ళ వెనక్కే వచ్చి దాక్కునేదిరా..."

కోడలు ఆయన ముందు కూర్చుని చేతిలోంచి గుడ్డ తీసుకుంది. కళ్ళు నిండాయి.

"మందుల షాపులో పనిచేస్తూ మీ వయసువాళ్ళకి రోజూ ఇస్తాను మామయ్యా, దీనికి మందులు. కుక్కపిల్లకి కాపలా కాశానే గానీ, మీకు ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్దాం."

పాప తలుపు తీసింది. ఎంతసేపట్నించి ఆపుకుందో, బంతి నాలుగడుగులు వేసి అందరి మధ్యా హాల్లోనే కూర్చుంది.

ఎవరూ అరవలేదు.

"ఇది మాత్రం నేను తుడుస్తాలే నాన్నా," అన్నాడు కొడుకు చెప్పులు విప్పుతూ. "నువ్వెళ్ళి స్నానం చెయ్యి."